బూడిదతో తోమిన మోటారు

మా సైనిక్‌పురిలో ఎవరింటికి కొత్త కారు వచ్చినా రెండోరోజు నా దగ్గరికి వస్తారు. మిఠాయి ఇవ్వడానికి కాదు, దేనితో కడగాలో అడగడానికి. నేను సైన్యంలో పనిచేసినవాణ్ని కాను. మా అల్లుడు చేశాడు, ఆ పలుకుబడి మీద ఇక్కడ ఉంటున్నాను. సాయంత్రం పార్కులో తక్కినవాళ్ళు యుద్ధాల గురించి చెబుతారు, నేను మైనం గురించి చెబుతాను. ఎవరి చుట్టూ ఎక్కువమంది చేరతారో చెప్పడం మర్యాద కాదు.

మొన్న ఎదురింటి బ్యాంకు ఉద్యోగి ఒక సంచీ నిండా సీసాలూ డబ్బాలూ తెచ్చి నా ముందు దింపాడు. ఒకదాని మీద పులి బొమ్మ, ఒకదాని మీద మెరుపు, ఇంకొకదాని మీద ఏముందో నాకు అర్థం కాలేదు గాని కోపంగా ఉంది.

"వీటిలో ముందు ఏది రాయాలండీ?" అన్నాడు.

"ముందు ఏవి వాపసు ఇవ్వాలో చూద్దాం" అన్నాను.

చివరికి ఒక ఘాటులేని సబ్బు, మెత్తటి గుడ్డలు, అన్నిటికంటే చిన్న మైనం డబ్బా మిగిలాయి. రెండు బకెట్లు ఇంట్లోనే ఉన్నాయట. ఒకటి సబ్బునీళ్ళకి, ఒకటి గుడ్డ జాడించుకోవడానికి. పులినీ మెరుపునూ తిరిగి సంచీలో పెట్టుకుంటున్నప్పుడు అతని మొహం చూస్తే జాలేసింది. ఈ చిన్న డబ్బా మీద నాకు ఇంత నమ్మకం ఎలా కుదిరిందో చెప్పబోయాను. ఫోను వచ్చిందని వెళ్ళిపోయాడు. కాబట్టి మీకు చెబుతున్నాను.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం సంగతి ఇది. అప్పుడే బి.ఏ. పాసయ్యాను. సర్కారు ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాను గాని, హైదరాబాదు స్టేటులో ఆఫీసులన్నీ చేతులు మారుతున్నాయి. నా అర్జీ ఏ గదిలో ఉందో, ఆ గది తాళం ఎవరి దగ్గరుందో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. ఈలోగా అని చెప్పి సికింద్రాబాదు జేమ్స్ స్ట్రీట్‌లో ఒక మోటారు సామాన్ల దుకాణంలో చేరాను. ఆ ఈలోగా నా రిటైర్మెంటు దాకా సాగింది. నేను చదివింది తత్వశాస్త్రం. అది దుకాణంలో బాగానే పనికొచ్చింది. గిరాకీ లేని పూట కౌంటరు వెనక ప్రశాంతంగా కూర్చోగలిగేవాణ్ని.

గిరాకీ లేని పూటలు చాలా ఉండేవి. కంటోన్మెంటు దొరల కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన పాలిష్ డబ్బాలు అల్మారాల నిండా ఉన్నాయి. దొరలు ఓడెక్కారు. డబ్బాలు దిగలేదు.

దుకాణంలో ముగ్గురం. పెద్ద సేల్స్‌మన్‌ను నేను కాకా అని పిలిచేవాణ్ని. బోయిన్‌పల్లి మనిషి. అప్పటి బోయిన్‌పల్లి అంటే తోటలు, బావులు. ఆయన నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, "బీయ్యే" అనేవాడు. టైపు, ఉత్తరాలు చూసే అక్కది కార్ఖానా బస్తీ. వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చిన టీచర్ల కుటుంబం. ఇంటిల్లిపాదీ ఎవరికో ఒకరికి పాఠం చెబుతుంటారు, అక్క మాకు చెప్పేది. మా ముగ్గురిలో ఒక్కరం కూడా జీవితంలో ఒక్క కారునైనా కడిగి ఎరగం. అమ్మడానికి అది అడ్డం కాలేదు.

మా యజమాని గుజరాతీ సేఠు. ఆయనకు ఒక నల్ల ఇంగ్లీషు కారు ఉండేది. ప్రతి ఉదయం కారు దిగగానే బానెట్ మీదికి కాస్త వంగి, అందులో చూసుకుని టోపీ సర్దుకునేవాడు. దుకాణంలో నిలువుటద్దం ఉంది. దాన్ని ఆయన నమ్మేవాడు కాదు.

అంతకుముందు వానాకాలం, ఊరంతా పుకార్లతో ఉడికిన రోజుల్లో, సేఠు కుటుంబంతో బొంబాయి వెళ్ళిపోయాడు. తాళాలు కాకకి ఇచ్చాడు. కాక వాటిని మొలతాడుకు కట్టుకుని ప్రతి ఉదయం దుకాణం తెరిచి, దుమ్ము దులిపి, సాయంత్రం మూసేవాడు. ఎవరూ ఏమీ కొనలేదు, ఎవరూ ఏమీ ఎత్తుకెళ్ళలేదు. రెండోది కాక చలవ. సేఠు తిరిగొచ్చాక ఈ విషయం మీద ఒక్క మాట మాట్లాడలేదు. కాకా మాట్లాడలేదు. ఇద్దరికీ సిగ్గెక్కువ.

ఆ గొడవల్లోనే కాక కూతురి పెళ్ళి రెండుసార్లు వాయిదా పడింది. చివరికి ఎండాకాలంలో ముహూర్తం కుదిరితే, సేఠు బొంబాయి రైలెక్కే ముందు కారు తాళంచెవి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"బిడ్డను మోటార్ల పంపు. బస్సుల పంపకు. సోమవారం పొద్దుగాల స్టేషన్‌కు బండి తీస్కరా" అన్నాడు. అన్నాక ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి పోయాడు.

పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికూతురు నల్ల మోటారులో మేడ్చల్ దాకా వెళ్ళింది. దారిలో ఊళ్ళవాళ్ళు లేచి నిలబడ్డారట, ఎవరో పెద్ద అధికారి అనుకుని. కాకే నడిపాడు.

ఆదివారం పొద్దున నేను గదిలో గడ్డం గీసుకుంటుంటే కింది నుంచి కాక గొంతు వినిపించింది.

"బీయ్యే! జెర కిందికి వస్తవా?"

సగం గడ్డంతో దిగాను. వీధిలో కారు ఉంది. సేఠు కారే, ఆకారాన్ని బట్టి పోల్చుకున్నాను. రంగును బట్టి అయితే పోల్చలేను. నల్లకారు గచ్చు రంగులోకి వచ్చింది. దగ్గరికెళ్ళి చూస్తే ఒళ్ళంతా సున్నలు చుట్టినట్టు గీతలు. మన ఇళ్ళల్లో తోమిన గిన్నె అడుగున ఉంటాయే, అవి. వెనక సీట్లో కాక భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది కాకా? ఎవరైనా గుద్దారా?"

"గుద్దితె మంచిగుండు. తోమిన్రు."

"దేంతో?"

కాక వెనక్కి తిరిగి చూశాడు. చిన్నమ్మే చెప్పింది.

"చింతపండు, బూడిద. కొబ్బరి పీచు. నేను, మా చెల్లెండ్లు ఇద్దరు."

"కారునా?"

"మరేం జెయ్యాలె? మోటారంత పసుపు, బంక, దుమ్ము. అట్లనే ఎట్ల ఇస్తం? అడుక్కొచ్చిన గిన్నెను కడగకుంట ఇస్తమా ఎవలకన్న? తడి ఉన్నంతసేపు అద్దం లెక్కనే ఉండె. ఆరినంక చూస్తె గిట్లాయె."

నాకు నవ్వు వచ్చింది. కాక మొహం చూశాక అది వెనక్కి పోయింది. ఆయన చేతిలో దుకాణం తాళాల గుత్తి ఉంది. మొలతాడు నుంచి విప్పి తెచ్చాడు.

"రేపు స్టేషన్ల బండి తాళంతోటి ఇవి సుత ఇచ్చేస్త. పనికి రానని చెప్త. నమ్మి ఇచ్చిండు, బీయ్యే. బిడ్డ లెక్క చూస్కుంటడు దీన్ని. ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె?"

ఇంత పనిమంతుడు, ఇంత మర్యాదస్తుడు ఒక కారు మీది గీతలకు ఉద్యోగం వదిలేసుకోవడం నాకు నచ్చలేదు. పైగా ఆయన లేకపోతే దుకాణంలో ఏ నట్టు ఎక్కడుందో నాకు తెలియదు. రెండో కారణం పైకి చెప్పలేదు.

కారును దుకాణం వెనక దొడ్లోకి తీసుకెళ్ళాం. అక్కను పిలవడానికి చర్చికి వెళ్ళాను. ఆరాధన అయి బయటికి వస్తోంది. సంగతి చెబితే, చేతిలోని బైబిలును తోటి ఆవిడకు అప్పజెప్పి, తెల్లచీరతోనే నాతో వచ్చేసింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"అయ్యో, ఎంత కష్టపడి పాడు చేశారండీ!" అంది మనస్ఫూర్తిగా.

"అవ్ బిడ్డా" అంది చిన్నమ్మ. "చేతులు బొబ్బలెక్కినయ్."

కాక అప్పటికే అల్మారాలో అన్నిటికంటే పెద్ద డబ్బా దించాడు. మూత మీద పందెం కారు బొమ్మ. "దెబ్బ గట్టిది. మందు సుత గట్టిదే గావాలె" అన్నాడు. నాకూ న్యాయంగానే తోచింది. తత్వశాస్త్రంలో దీనికి వ్యతిరేకంగా ఏమీ చదవలేదు.

"ఆగండి బాబాయిగారూ" అంది అక్క. "కొత్త చీర తడిపేటప్పుడు ఏం చేస్తాం? ముందు కొంగు చివర తడిపి చూస్తాం కదా, రంగు పోతుందేమోనని. ఎవరికీ కనబడని చోట రాయండి."

తలుపు లోపలి అంచున వేలెడంత మేర కాక రుద్దాడు. గుడ్డ కాటుకలాగ అయింది, రుద్దినచోట బూడిదరంగు బయటపడింది. కాక అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"అయిపాయె. ఉన్న రంగు సుత పాయె."

అక్క డబ్బా తిప్పి వెనకవైపు చదివింది. మా దుకాణంలో ఎన్నో ఏళ్ళుగా ఆ డబ్బాల ముందువైపే చూపించి అమ్ముతున్నారు. వెనక ఏముందో చదివిన మొదటి మనిషి అక్కే అనుకుంటాను. అది రంగులు వేసే కార్ఖానాలవాళ్ళకట, ఇళ్ళల్లో వాడొద్దట. అట్టడుగు అరలో చిన్న డబ్బా ఒకటి ఉంది, బొమ్మ కూడా లేదు. దాని వెనక, మొదటిసారి చేసేవాళ్ళు దీనితో మొదలుపెట్టండి, గుడ్డకు కాస్త రంగు అంటుతుంది, కంగారు పడకండి అని ఉంది. తలుపు అంచున ఇంకొకచోట రాసి చూశాం. గుడ్డకు కొంచెం నలుపు అంటింది గాని, గుడ్డ కింద కారు కూడా నల్లగానే ఉంది. కాక లేచి నిలబడ్డాడు.

"రుద్దున్రి మరి!" అంటూ చిన్నమ్మ కొంగు దోపింది.

ముందు కడగాలని అక్క ఆపింది. బూడిద ఇంకా సందుల్లో ఉంది, దాని మీద రుద్దితే మళ్ళీ బూడిదతో తోమినట్టే. బట్టలసోడా వద్దంది. ఇంటికి మనిషిని పంపి, పట్టుచీరలు ఉతుక్కునే సబ్బు రేకులు తెప్పించింది. రెండు బకెట్లు పెట్టి, పైనుంచి కిందికి కడిగి, మెత్తటి తోలుతో తడి అద్ది, రేకుల షెడ్డు నీడలో పని షురూ చేశాం.

నీడ అని ఎందుకన్నానంటే, మధ్యాహ్నానికి నీడ జరిగిపోయింది, మేం గమనించలేదు. బానెట్‌కు మైనం పూసి అన్నానికి కూర్చున్నాం. చిన్నమ్మ పెళ్ళింటి లడ్డూలు, పులిహోర తెచ్చింది. తినొచ్చేసరికి ఎండకు మైనం అట్టకట్టి, ఏం చేసినా రావడం లేదు. కాక మళ్ళీ తాళాల గుత్తి వైపు చూశాడు. డబ్బా వెనక ఈ సంగతి లేదు. చివరికి నేనే, ఏం తోచక, దాని మీద ఇంకాస్త కొత్త మైనం పూశాను. పాతది కూడా మెత్తబడి దానితోపాటు వచ్చేసింది. నా చదువంతటికీ ఆ రోజు దక్కిన ఫలితం అదొక్కటే. ఎలా తట్టిందని అక్క అడిగితే తర్కం అన్నాను.

చిన్నమ్మ చేతిలో బలం ఎక్కువ. బూడిద అలవాటు కొద్దీ గుండ్రంగా, ఒత్తి రుద్దుతోంది. గీతల మీద గీతలు పడతాయేమోనని నేను మెల్లిగా అన్నాను.

"చిన్నమ్మా, తోమినట్టు కాదు. పసిపిల్లకు నూనె రాస్తాం చూడు, అట్లా."

"గట్లనా? గా ముక్క ముందుగాల్నే చెప్తె అయిపోవుగద!" అంది. ఆ తర్వాత ఆ చెయ్యి తిరిగిన చోట మాలో ఎవరూ మళ్ళీ ముట్టాల్సిన పని లేకపోయింది.

వెనక తలుపు దగ్గర, బిడ్డ కూర్చున్న వైపు, ఆమె చాలాసేపు ఉండిపోయింది. కాక అవతల పక్క ఉన్నాడు. ఆమె అక్కతో అనడం నాకు వినిపించింది.

"పిల్ల పోయింది బిడ్డా. మోటారు ఒచ్చి వాకిట్ల నిలబడ్డది. ఇంట్ల ఏం చెయ్యాల్నో తెల్వలే. గందుకే జెర ఎక్కువ తోమిన."

అక్క కొత్త గుడ్డ ఒకటి మడతపెట్టి ఆమె చేతికి ఇచ్చింది.

పొద్దు వాలేసరికి కారు నల్లబడింది. గీతలు పూర్తిగా పోలేదు. వెతికితే కనబడతాయి. కాక బానెట్ మీదికి వంగి, లేని టోపీని సర్దుకున్నాడు. చిన్నమ్మ నవ్వింది, ఆ రోజు మొదటిసారి.

తర్వాత తెలిసిన విషయం ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. పైకప్పు మీద నీళ్ళు కుమ్మరించామే గాని, మేం దాన్ని ముట్టుకోలేదు. దాన్ని తోమిన చిన్నమ్మ చెల్లెళ్ళు పొడుగట, మేం నలుగురం పొట్టివాళ్ళం, అది మా కళ్ళకు ఆనలేదు. సేఠూ పొట్టే. చాలాకాలం తర్వాత ఆరడుగుల మిలిటరీ మేజరు ఒకాయన వచ్చి, "మీ కారు పైన ఎవరో గిన్నెలు తోమినట్టున్నారు" అనేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

సోమవారం స్టేషనుకు సామాను సాయమని నేనూ వెళ్ళాను. కాక ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో తాళాల గుత్తి అలాగే ఉంది. సేఠు రైలు దిగి వచ్చాడు. కారు దగ్గర ఆగాడు. వంగాడు. టోపీ సర్దుకున్నాడు. మామూలు కంటే కాస్త ఎక్కువసేపు సర్దుకున్నట్టు నాకనిపించింది. తర్వాత లేచి, "పెండ్లి మంచిగైందా?" అన్నాడు. కాక తల ఊపాడు. గండం గడిచిందని నేను ఊపిరి వదిలాను.

కూలీ డిక్కీ తెరిచాడు. లోపల మూతికి పసుపు గుడ్డ వాసెన కట్టిన ఇత్తడి చెంబు.

"ఇదేంది?" అన్నాడు సేఠు.

అందులో బియ్యం, బెల్లం, పోకచెక్కలు ఉన్నాయి. చిన్నమ్మ ఎప్పుడు పెట్టిందో మాకెవరికీ తెలియదు. అడిగి తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. కాక అంతవరకు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. చెంబు మొదలుకొని బూడిద దాకా, బూడిద మొదలుకొని పందెం కారు డబ్బా దాకా, స్టేషను ముందు, టాంగావాళ్ళు వింటుండగా మొత్తం చెప్పేశాడు. చెప్పి తాళాల గుత్తి తీసి చాపాడు.

"తప్పయింది సేఠ్‌జీ. మా ఇంటామెకు తెల్వదు."

సేఠు గుత్తి తీసుకోలేదు. వెనక తలుపు మీద వేలితో రాసి చూశాడు. వేలు చూసుకున్నాడు. మళ్ళీ తలుపు చూశాడు.

"ఆమెకు ఎవరు నేర్పిన్రు?" అన్నాడు. "నువ్వు నేర్పినవా? నేను నేర్పిన్నా? ఇన్నేండ్ల సంది డబ్బాలు అమ్ముతున్నం. ఎట్ల రాయాల్నో ఒక్కనికన్న చెప్పినమా?"

సేఠు తలుపు దగ్గరికి ఇంకాస్త వంగాడు.

"ఏ డబ్బా పెట్టిన్రు?"

"చిన్నది సేఠ్‌జీ. అడుగు అరల ఉంటది, బొమ్మ లేంది."

"పని చేస్తదా అది?"

"చేస్తది సేఠ్‌జీ."

"అరే!" అన్నాడు సేఠు. ఆయన మొహం అంతగా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. "నాకే తెల్వకపాయె! తాళాలు లోపల పెట్టు. బండి తియ్యి, చాయ్ యాళ్ళయితుంది."

చెంబును మాత్రం కూలీకి ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారమే పందెం కారు డబ్బాలు వెనక గదిలోకి, చిన్న డబ్బాలు ముందుకు వచ్చాయి. ఒక వెదురుబుట్టలో చిన్న డబ్బా, సబ్బు రేకులు, మెత్తటి గుడ్డలు, ఒక తోలు ముక్క పెట్టి అమ్మడం మొదలుపెట్టాం. రోజులూ కలిసొచ్చాయి. జాగీర్లు పోయిన ఇళ్ళల్లో డ్రైవర్లను మాన్పించారు. దొరలు వదిలేసి వెళ్ళిన కార్లను డాక్టర్లు, ప్లీడర్లు కొన్నారు. వాళ్ళంతా కొత్తగా చేతులు తడుపుకుంటున్న మనుషులు. ఆదివారాలు దొడ్లో చేసి చూపించేవాళ్ళం. అక్క డబ్బా వెనకవైపు చదివి వినిపించేది. చిన్నమ్మ కొన్నిసార్లు వచ్చి, ఎవరైనా గట్టిగా రుద్దుతుంటే "బిడ్డకు నూనె రాసినట్టు బాబూ, బిడ్డకు నూనె రాసినట్టు" అనేది. కోటు వేసుకున్న నవాబుగారొకరు "జీ, అమ్మా" అంటూ నేర్చుకున్నారు. నా అన్నం ముప్పాతిక వంతు ఆ బుట్టలోంచే వచ్చింది. అది పుట్టిన ఆదివారానికి, ఆ బూడిదకు, నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

చెంబు సంగతి మిగిలింది.

కొన్నాళ్ళకు సేఠు దాన్ని కాకకు తిరిగి ఇచ్చాడు. ఆయనా ఖాళీగా ఇవ్వలేదు, నిండా బొంబాయి పేడాలు. పైగా స్వయంగా శుభ్రం చేశాడు. ఆయన తన జీవితంలో తోమిన మొదటి పాత్ర అదే అయి ఉంటుంది. దేనితో అంటారా? ఆయనకు నమ్మకం కుదిరింది ఒక్కదాని మీదే. చిన్న డబ్బా మైనం లోపలా బయటా దట్టించి, అద్దంలాగ మెరిపించాడు.

మర్నాడు కాక దుకాణానికి వచ్చి మా ఇద్దరికీ గుసగుసగా చెప్పాడు. నీళ్ళు పోస్తే తామరాకు మీద పోసినట్టు జారుతున్నాయట. తాగితే మోటారు తాగినట్టుందట.

"చిన్నమ్మ ఏమంది?" అంది అక్క.

"'పాపం, సేఠుకు ఎవరు నేర్పిన్రు?' అన్నది. చింతపండు, బూడిద వెట్టి తోమింది. మూడు దినాలు పట్టింది వాసన పోనీకి. సేఠుకు చెప్పకున్రి, మీకు దండం వెడ్త."

మేం చెప్పలేదు.

కాక మనవరాలిని తొట్టెలలో వేసిన నాడు మేమంతా బోయిన్‌పల్లి వెళ్ళాం. చిన్నమ్మ సేఠుకు ఆ చెంబుతోనే నీళ్ళు ఇచ్చింది. బంగారంలాగ ఉంది. సేఠు తాగలేదు, ముందు దాన్ని మొహానికి ఎదురుగా పట్టుకుని టోపీ సర్దుకున్నాడు.

"చూసినవా!" అన్నాడు కాకతో. "ఏడాదాయె. పాలిష్ ఇంకా పోలే."

కాక నేల చూశాడు. అక్క పైకప్పు చూసింది. నేను తత్వశాస్త్రాన్ని తలుచుకున్నాను.

"మీ పాలిష్ మంచిది సేఠ్‌జీ" అంది చిన్నమ్మ. "తాగున్రి."